ఎక్స్‌రేలో కనిపించని పగులు: ఈవెంట్స్‌కు సిద్ధమవుతున్న ఒక అమ్మాయి తుంటి నొప్పి కేసు

ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి, వాళ్ల నాన్న ఒప్పుకున్నారు. ఎవరో గుర్తుపట్టకుండా ఊరు, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించినవేవీ మార్చలేదు. తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో ఎముకల డాక్టరుగా పని చేస్తున్నాను. పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందంటే మా ఓపీలో కాళ్ల నొప్పుల పిల్లలు పెరుగుతారు. వాళ్లలో చాలామందికి మోకాలి కింద ఎముక ముందువైపు నొప్పి, కొందరికి మడమ నొప్పి. వారం పది రోజులు ఆపితే తగ్గేవే ఎక్కువ. అదే అలవాటులో ఉండి నేను ఈ కేసులో మొదటిసారి పొరపాటు పడ్డాను. రాయడానికి ముఖ్య కారణం అదే.

నేపథ్యం

ఆమెకు ఇరవై దాటి ఏడాది రెండేళ్లు. డిగ్రీ అయిపోయింది. నాన్న సెంట్రింగ్ పని చేస్తాడు, అమ్మ కూలికి వెళ్తుంది. కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసైంది. ఈవెంట్స్, అంటే పరుగు, జంప్ లాంటి శారీరక పరీక్షల కోసం పట్నంలో కోచింగ్ సెంటర్ దగ్గర లేడీస్ హాస్టల్లో చేరింది. గది రెండో అంతస్తులో.

తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరిగెత్తాలి. లాంగ్ జంప్ రెండున్నర మీటర్లు, 4 కిలోల షాట్‌పుట్ నాలుగు మీటర్లు. అంటే పరీక్షకు కావాల్సింది గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు. కోచింగ్‌లో మాత్రం మగపిల్లలతో కలిపి అందరినీ పొద్దున 6 కిలోమీటర్లు, సాయంత్రం 4 కిలోమీటర్లు పరిగెత్తించేవాళ్లు. వారానికి ఆరు రోజులు. గ్రౌండ్‌లో వానకు బురదైతే సీసీ రోడ్డు మీద. అంతకుముందు ఆ అమ్మాయికి పరుగు అలవాటే లేదు. సున్నా నుంచి వారానికి 60 కిలోమీటర్లకు నాలుగు వారాల్లో చేరింది. ఈ లెక్క నేను వేసింది రెండోసారి వచ్చినప్పుడు. మొదటిసారి అడగలేదు.

మొదటిసారి వచ్చినప్పుడు

పరుగు మొదలుపెట్టిన ఐదో వారంలో కుడి గజ్జల్లో నొప్పి వచ్చింది. మొదట పరుగు చివర్లో వచ్చేది, ఆపితే పోయేది. తర్వాత మొదలుపెట్టగానే వచ్చేది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజక్షన్ వేయించుకుంది, నొప్పి తగ్గిందని ఇంకో వారం పరిగెత్తింది. తర్వాత ఒకచోట ఫిజియోథెరపీ, వేడి కాపడం, తొడ కండరాలు సాగదీసే వ్యాయామాలు. "పరిగెత్తితేనే నరం వదులుతుంది" అని గ్రౌండ్‌లో ఎవరో చెప్పారు. నా దగ్గరకు వచ్చేసరికి నొప్పి మొదలై మూడు వారాలు.

సాయంత్రం ఓపీ, బయట ఇంకా చాలామంది ఉన్నారు. "తొడ నరం పట్టేసింది సార్" అంది. అరచేతిని గజ్జల నుంచి తొడ ముందుభాగం మీదుగా మోకాలి దాకా రాసి చూపించింది. వెల్లకిలా పడుకోబెట్టి తుంటిని లోపలికి తిప్పితే కొంచెం ముఖం చిట్లించింది. కటి భాగం ఎక్స్‌రే ఎదురుగా ఒకటి, పక్కకు తిప్పి ఒకటి తీయించాను. రెండూ శుభ్రంగా ఉన్నాయి. గజ్జల కండరం బెణికిందని రాశాను. ఏడు రోజులు నొప్పి మాత్రలు, రెస్ట్ అని చెప్పి పంపించాను.

ఇక్కడ నా ఆలోచన ఎక్కడ తప్పిందో చెప్పాలి. ఎక్స్‌రే బాగుంది కాబట్టి ఎముక బాగుంది అనుకున్నాను. స్ట్రెస్ ఫ్రాక్చర్‌లో, అంటే ఒక్క దెబ్బకు కాకుండా పదేపదే పడే భారానికి ఎముకలో వచ్చే పగులులో, మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవడమే మామూలు. కొన్నిసార్లు చివరిదాకా కనిపించదు. ఈ సంగతి నాకు తెలుసు, పీజీ రోజుల్లో పరీక్షలో రాశాను కూడా. కానీ నల్లటి ఫిల్ము మీద చక్కని తెల్లటి ఎముకను చూసేసరికి మనసు కుదుటపడిపోయింది. రెండో తప్పు, "రెస్ట్" అని ఒక్క మాట రాసి వదిలేయడం. ఆ మాట ఆమెకు ఎలా అర్థమైందో తర్వాత తెలిసింది. పరుగు ఆపింది. స్కిప్పింగ్, గుంజీలు, లాంగ్ జంప్ మాత్రం కొనసాగించింది. మాత్రలు వేసుకుంటే నొప్పి తెలియలేదు, దాంతో తగ్గిందనుకుంది.

రెండోసారి

పన్నెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది, ఈసారి నాన్నతో. తలుపు దగ్గర ఆగి గుమ్మం పట్టుకుంది. కుడికాలు నేల మీద ఆనీ ఆనగానే ఎడమకాలు ముందుకేస్తోంది. టేబుల్ ఎక్కమన్నాను. ఎడమకాలితో ఎక్కి కూర్చుని, కుడి మోకాలి దగ్గర సల్వార్ గుడ్డను రెండు చేతులతో గుప్పిట పట్టి, కాలిని ఒక బరువైన సంచిలా పైకి లాక్కుంది. పరీక్ష అక్కడే సగం అయిపోయింది. గజ్జల కండరం బెణికిన మనిషి కాలు అలా ఎత్తదు.

రాత్రి పక్క మీద తిరిగితే మెలకువ వస్తోందని చెప్పింది. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమంటే మొదట మోకాలి లోపలివైపు చూపించింది. తుంటికీ మోకాలికీ నరాలు కొన్ని ఉమ్మడిగా ఉంటాయి కాబట్టి తుంటి నొప్పి మోకాల్లో తెలుస్తుంది. మోకాలికి ఎక్స్‌రే తీసి పంపించేసిన కేసులు నేను విన్నాను. పడుకోబెట్టి, కాలిని మెల్లగా అటూ ఇటూ దొర్లించాను. అంతమాత్రానికే నొప్పి. తుంటిని పది డిగ్రీలు లోపలికి తిప్పేసరికి నా చేయి పట్టుకుంది.

ఇలాంటప్పుడు ఒంటికాలి మీద గెంతించి చూసే పరీక్ష ఒకటుంది. పిక్క ఎముకకు పనికొస్తుంది. తొడ ఎముక మెడలో, అంటే తుంటి కీలులోని గుండ్రటి తలకు కింద ఉండే సన్నటి భాగంలో, పగులు అనుమానం ఉన్నప్పుడు చేయించకూడదు. పగులు సగంలో ఉంటే ఆ గెంతుకే పూర్తిగా విరిగిపోవచ్చు. విరిగి జరిగితే తల భాగానికి రక్తం వెళ్లే సన్నటి నాళాలు తెగుతాయి, ఆ తల చచ్చిపోయే ప్రమాదం ఉంటుంది. ఇరవై ఏళ్ల వయసులో తుంటి కీలు పాడవడం అంటే ఏమిటో ఈ వృత్తిలో ఉన్న ఎవరికైనా తెలుసు.

కాబట్టి ఆ గదిలో నేను తీసుకున్న మొదటి నిర్ణయం ఎమ్మారై గురించి కాదు. సిస్టర్‌ని పిలిచి చంకకర్రలు తెప్పించాను, కుడికాలు ఇక నేల మీద మోపొద్దన్నాను. రోగనిర్ధారణ ఇంకా కాలేదు. అయినా కర్రలు ముందు. అనుమానం తప్పయితే ఆమెకు పోయేది రెండు రోజుల ఇబ్బంది. నిజమైతే, స్కానింగ్ సెంటర్‌కు నడిచి వెళ్లే దారిలోనే ఎముక విరగొచ్చు.

నాన్న అడిగాడు: "పిల్ల రెండేండ్ల నుంచి దీనికోసమే సదువుతున్నది సార్. ఈవెంట్స్‌కు ఇంకా నెలన్నరే ఉన్నది. ఇప్పుడు ఆపమంటే ఎట్ల?"

ఆయన సెంట్రింగ్ మేస్త్రి అని తెలిసింది కాబట్టి సజ్జ పోలిక చెప్పాను. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన సజ్జ ఎలాంటిదో, తొడ ఎముక మెడ అలాంటిది. నిలువు ఎముక మీద నుంచి పక్కకు వాలి బయటికి వస్తుంది, చివర గుండ్రటి తల, దాని మీద ఒళ్లంతా. నడిస్తే ఆ కీలు మీద పడేది ఒంటి బరువుకు రెండున్నర, మూడు రెట్లు. పరిగెత్తితే ఐదు రెట్లు దాటుతుంది. మెడ పైభాగం సాగుతుంది, కింది భాగం నొక్కుకుంటుంది. పగులు కింద వస్తే బరువు దాన్ని మూసి ఉంచుతుంది. పైన వస్తే ప్రతి అడుగూ దాన్ని ఇంకొంచెం తెరుస్తుంది.

ఆయన వెంటనే అందుకున్నాడు. "సజ్జకు పైన పగులొస్తే ఇగ ముట్టుకోం సార్. కింద సపోర్ట్ పెట్టినంకనే ఏదన్న." ఎమ్మారైకి ఆరేడు వేలు ఎట్లా అన్న ప్రశ్న ఆ తర్వాత మళ్లీ రాలేదు. ఎవరి దగ్గరో తెచ్చాడు.

ఎమ్మారై, దాని వెనుక లెక్క

మళ్లీ ఎక్స్‌రే తీసి చూద్దామా అంటే, అది మళ్లీ బాగున్నా నా అనుమానం పోదు. సీటీలో పగులు గీత కనిపించొచ్చు గానీ, పగులుకు ముందు దశ వాపు తెలియదు. బోన్ స్కాన్ మా దగ్గర లేదు, అదీ కాక రేడియేషన్. ఎమ్మారైలో ఎముక లోపలి వాపు తొలి రోజుల్లోనే తెలుస్తుంది, పగులు ఏ వైపో, ఎంత వెడల్పో కూడా చెప్తుంది. నాకు కావాల్సింది ఆ రెండే. మొత్తం కటి భాగం ప్రోటోకాల్ అక్కర్లేదు, రెండు తుంట్లూ కలిపి ఎదురు నుంచి చూసినట్టు తీసే బొమ్మలు రెండు రకాలు చాలు అని సెంటర్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఖర్చు కొంత తగ్గింది. రెండు తుంట్లూ అని నొక్కి చెప్పడానికి కారణం, రెండో వైపు నొప్పి లేకుండానే దెబ్బ తిని ఉండటం అరుదేమీ కాదు.

ఫలితం: కుడి మెడ కింది భాగంలో నల్లటి గీత, మెడ వెడల్పులో మూడో వంతు దాకా. చుట్టూ వాపు. కీలులో కొంచెం నీరు. పైవైపు ఏమీ లేదు. ఎడమ మెడలో గీత లేదు గానీ వాపు ఉంది. ఆ కాలు కూడా అదే దారిలో ఉందన్నమాట.

కింది వైపు పగులు, పైవైపు పగులు అనే ఈ తేడాను 1965లో డెవాస్ అనే ఇంగ్లండు సర్జన్ వివరంగా రాశాడు. 1988లో ఫుల్లర్టన్, స్నోడీ దానికి జరిగిపోయిన పగులు అనే మూడో రకాన్ని కలిపి వర్గీకరించారు. ఈరోజుకీ మా నిర్ణయాలు చాలావరకు దాని మీదే నడుస్తాయి. పైవైపు అయితే స్క్రూలు. కింది వైపు, సగం కంటే తక్కువ అయితే బరువు తీసేసి చూడొచ్చు. సగం దాటితే స్క్రూలు. మా అమ్మాయి మూడో వంతు. కానీ కీలులో నీరు ఉంటే పగులు ముదిరే అవకాశం ఎక్కువ, అది నన్ను కలవరపెట్టింది. అందుకే ఆపరేషన్ వద్దని చెప్పినా, తలుపు మూసేయలేదు. ముగ్గురం కూర్చుని ముందే ఒక ఒప్పందం రాసుకున్నాం. గీత సగం దాటినా, పైవైపు ఏ చిన్న గీత కనిపించినా, కాలు మోపకుండా వారం ఉన్నాక కూడా రాత్రి నొప్పి తగ్గకపోయినా, మర్నాడే మూడు స్క్రూలు. ముందే అనుకోవడం వల్ల తర్వాత బతిమాలుకోవడాలు, వాయిదాలు ఉండవు.

అడగని ప్రశ్న

కొత్తగా పరుగు మొదలుపెట్టిన ఎముకలో ఏం జరుగుతుందంటే, ముందు పాత భాగాన్ని తవ్వే కణాలు దిగుతాయి. తవ్వడం రెండు మూడు వారాల్లో అయిపోతుంది. కొత్తది పోసి గట్టిపరచే కణాలు వెనక వస్తాయి, వాటికి మూడు నెలలు కావాలి. అందుకే మూడో వారం నుంచి కొన్ని వారాల పాటు ఎముక మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే పిల్లలకు దమ్ము పెరిగి, దూరం పెంచుతారు. సైనికుల్లో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణమూ ఇదే. ఎక్స్‌రే పుట్టడానికి నలభై ఏళ్ల ముందే, 1855లో, ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హాప్ట్ అనే వైద్యుడు నడిచి నడిచి పాదాలు వాచిన సైనికుల గురించి రాశాడు.

అయితే అదే గ్రౌండ్‌లో అదే 60 కిలోమీటర్లు పరిగెత్తిన మిగతా అమ్మాయిలు నిలబడే ఉన్నారు. ఈమె ఎముకే ఎందుకు? పోసే కణాలకు సిమెంటు అందలేదా?

నాన్నను బయట కూర్చోమని, సిస్టర్‌ని లోపల ఉంచుకుని అడిగాను. నెలసరి ఎలా ఉందమ్మా అని. ఆమె సిస్టర్ వైపు చూస్తూ చెప్పింది: "ఐదు నెలలైంది సార్. ఆగిపోతే మంచిగనే అయింది అనుకున్న, ఉరికేటప్పుడు తిప్పలుండదని."

తిండి గురించి అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చింది. పొద్దున పరుగుకు ముందు చాయ్, రెండు బిస్కెట్లు. పదింటికి హాస్టల్ ఉప్మా. మధ్యాహ్నం అన్నం, పప్పుచారు. రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలు, ఎందుకంటే ఒళ్లు తేలికైతే స్పీడు వస్తుందని గ్రౌండ్‌లో చెప్పారు. ప్రిలిమ్స్ నాటికి 52 కిలోలు ఉన్న అమ్మాయి ఇప్పుడు 45. కోచింగ్ మొదలవకముందే, ప్రిలిమ్స్ అయిన రోజు నుంచే రాత్రి అన్నం మానేసింది.

మా డైటీషియన్ లెక్క వేసింది. తినేది రోజుకు సుమారు 1,450 క్యాలరీలు. పది కిలోమీటర్ల పరుగుకు 450 దాకా పోతాయి. మిగిలిన వెయ్యిని కొవ్వు కాని ఒంటి బరువుతో, అంటే దాదాపు 36 కిలోలతో భాగిస్తే కిలోకు 28. ఆరోగ్యంగా ఉండటానికి 45 దాకా కావాలి. 30 కంటే తగ్గితే ఒళ్లు ఒక్కొక్క పనీ మానుకోవడం మొదలుపెడుతుంది. ఆడపిల్లల్లో ముందు మానుకునేది నెలసరి. దాంతో ఈస్ట్రోజన్ పడిపోతుంది, ఈస్ట్రోజన్ లేకపోతే తవ్వే కణాలకు అడ్డు ఉండదు. దీన్నే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014 నుంచి రెడ్-ఎస్ (ఆటలు, వ్యాయామం చేసేవాళ్లకు ఖర్చుకు తగ్గ శక్తి తిండి నుంచి అందకపోవడం) అంటున్నారు. మగపిల్లలకూ వస్తుంది, నెలసరి లాంటి గుర్తు లేదు కాబట్టి ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది.

రక్త పరీక్షల్లో విటమిన్ డి 11, హిమోగ్లోబిన్ 9.4, రెండూ తక్కువే. థైరాయిడ్ బాగుంది. గర్భం లేదని నిర్ధారించుకున్నాం. గైనకాలజిస్టు మేడం చూసి, మెదడు నుంచి అండాశయానికి వచ్చే సంకేతాలే తగ్గిపోయాయని తేల్చారు. నెల నెలా రావడానికి హార్మోన్ మాత్రలు ఇద్దామా అన్న మాట వచ్చింది. మేడమే వద్దన్నారు. ఆ మాత్రలతో రక్తస్రావం వస్తుంది గానీ ఎముక బాగుపడదు, పైగా అంతా సర్దుకుందన్న భ్రమ కలుగుతుంది. తిండితో దానంతట అది తిరిగి వస్తేనే, ఒంట్లో నిజంగా మార్పు వచ్చిందని మనకు తెలుస్తుంది. ఆ సలహా ఎంత విలువైనదో నాలుగో నెలలో అర్థమైంది.

మొదటి మూడు వారాలు ఎందుకు ఫలించలేదు

విటమిన్ డి వారానికి 60,000 యూనిట్ల సాషే ఎనిమిది వారాలకు, ఐరన్, కాల్షియం రాశాను. నొప్పి మాత్రలు పూర్తిగా ఆపేశాను. ఈ జబ్బులో నొప్పే మనకున్న ఏకైక మీటరు, దాన్ని పని చేయనివ్వాలి. చంకకర్రలతో నడక నేర్పించి హాస్టల్‌కు పంపించాను. క్లాసులు పోతాయని ఆమె అక్కడే ఉంటానంది. సరేనన్నాను.

మూడో వారం చివర నొప్పి అలాగే ఉంది. ఎడమ గజ్జల్లో కూడా మొదలైంది. మళ్లీ ఎమ్మారై. కుడి గీత మూడో వంతు నుంచి దాదాపు 40 శాతానికి పెరిగింది.

ఆపరేషన్ అనుకున్నాను. స్క్రూల సెట్ సిద్ధం చేయమని థియేటర్‌కు చెప్పాను కూడా. అయితే ఒక్క విషయం తేలాలి. వైద్యం ఫలించలేదా, లేక వైద్యం అసలు జరగనే లేదా? ఈ రెంటినీ కలిపేస్తే, అక్కర్లేని ఆపరేషన్ చేస్తాం. అందుకని రోజంతా ఏం చేస్తుందో నిద్ర లేచిన దగ్గర నుంచి చెప్పమన్నాను.

రెండో అంతస్తు, లిఫ్టు లేదు. రోజుకు నాలుగుసార్లు మెట్లు. బాత్రూం గదికి అవతలి చివర, కింద కూర్చునే టాయిలెట్. కర్రలు గోడకు ఆనించి, కుళాయి పట్టుకుని కూర్చుని, లేచేటప్పుడు రెండు కాళ్ల మీదా లేస్తోంది. కింద కూర్చున్నప్పుడు తుంటి పూర్తిగా ముడుచుకుంటుంది, లేచేటప్పుడు మెడ మీద పడే బరువు చాలా ఎక్కువ. బకెట్‌తో నీళ్లు తనే మోసుకుంటోంది, ఒక చేతిలో బకెట్ ఉంటే రెండు కర్రలు పట్టుకోవడం కుదరదు కదా. వీటికి తోడు నేను చేసిన ఇంకో పొరపాటు. కుడికాలు అసలు మోపొద్దు అన్నాను. అంటే అప్పటికే వాపు ఉన్న ఎడమకాలి మీద రోజంతా గెంతమని చెప్పినట్టే. ఎమ్మారైలో ఎడమవైపు వాపు చూసి కూడా ఆ లెక్క వేయలేదు.

హైదరాబాద్‌లో ఉన్న ఒక సీనియర్ హిప్ సర్జన్‌కు ఫిల్ములు పంపించి మాట్లాడాను. స్క్రూలు వేస్తే కుడివైపు విరగకుండా కాపాడొచ్చు. ఎడమవైపు అలాగే ఉంటుంది, ఆకలి అలాగే ఉంటుంది, ఆ ఎముకలో పోసే కణాలు రేపటి నుంచి పని మొదలుపెట్టవు. మరోపక్క, గీత ఇంకా సగం దాటలేదు, పైవైపు శుభ్రంగానే ఉంది. సరైన విశ్రాంతి ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. ఒక వారం గడువు పెట్టుకున్నాం. ఆసుపత్రిలోనే, మా కళ్లెదుట. రాత్రి నొప్పి అప్పటికీ ఉంటే ఎనిమిదో రోజు ఆపరేషన్. ఇది ధైర్యం చేసి తీసుకున్న నిర్ణయం కాదు, ఆ వారం నేను ప్రతి రాత్రీ డ్యూటీ సిస్టర్‌కు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాను. నాలుగో రాత్రి ఆమె మెలకువ రాకుండా నిద్రపోయింది.

పని చేసింది ఏమిటి

ఇంటికి పంపించాం, హాస్టల్‌కు కాదు. ఇల్లు నేల మీదే ఉంది. నాన్న మంచానికి కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు. కుర్చీలా ఉండే ప్లాస్టిక్ కమోడ్ ఒకటి కొన్నారు. ఈ కేసులో నేను రాసిన మందులన్నిటి కంటే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను. కర్రలకు బదులు వాకర్, రెండు కాళ్లూ తేలిగ్గా ఆనించి, చేతుల మీద బరువు మోస్తూ మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి బాత్రూంకి మాత్రమే.

తిండి అమ్మ చూసుకుంది. పొద్దున రాగి జావ, రెండు గుడ్లు. మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగు. సాయంత్రం పల్లీలు బెల్లం. రాత్రి అన్నం తిరిగి వచ్చింది. కొత్త పౌడర్లేవీ కొనిపించలేదు. ఆకలి లేదంటే గంటకోసారి కొంచెం.

ఆరు వారాలకు కాలు దొర్లిస్తే నొప్పి లేదు. అప్పుడు బరువు మోపడం నేర్పించాం. అందుకు ఇంట్లో బరువు చూసుకునే మిషన్ వాడాం. కుడికాలు దాని మీద పెట్టి ముల్లు 10 చూపించేదాకా నొక్కు, ఆ ఒత్తిడి ఎలా ఉందో గుర్తుపెట్టుకుని అంతే నడువు అని. వారానికో పది కిలోలు పెంచాం. సగం బరువు మోపు అని నోటితో చెప్తే ఎవరికీ అంతు పట్టదు. ముల్లు చూస్తే పడుతుంది. పిరుదు పక్క కండరాలకు పడుకుని చేసే వ్యాయామాలు కూడా అప్పుడే మొదలుపెట్టాం. ఆ కండరాలు అలసిపోతే మెడ పైవైపు సాగుడు పెరుగుతుంది, పరుగు చివర్లో జరిగేది అదే.

మూడున్నర నెలలకు ఎమ్మారైలో గీత లేదు, వాపు లీలగా ఉంది. ఎడమవైపు పూర్తిగా మామూలైంది. నాలుగో నెలలో నెలసరి వచ్చింది. బరువు 49. నా వరకు ఆ ఎమ్మారై కంటే ఈ రెండు కబుర్లే ఎక్కువ నమ్మకం ఇచ్చాయి. అవి వచ్చాకే పరుగు మాట ఎత్తాను.

ఐదో నెలలో మట్టి గ్రౌండ్‌లో రోజు విడిచి రోజు, ఒక నిమిషం మెల్లగా పరుగు, నాలుగు నిమిషాలు నడక, మొత్తం ఐదు సార్లు. మర్నాడు పొద్దున గజ్జల్లో ఏమీ లేకపోతేనే తర్వాతి మెట్టు. ఒకసారి ఆరో నెల మొదట్లో లీలగా నొప్పి అనిపించిందని తనే రెండు మెట్లు వెనక్కి వెళ్లి, తర్వాత నాకు ఫోన్ చేసింది. ఎనిమిదో నెలలో 800 మీటర్లు 4 నిమిషాల 40 సెకన్లలో పరిగెత్తింది. అప్పటికి ఆమె వారానికి పరిగెత్తే మొత్తం దూరం 12 కిలోమీటర్లు దాటలేదు.

ఆ ఏడాది ఈవెంట్స్ ఆమె లేకుండానే అయిపోయాయి. ఆ రోజు నాన్న ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా కాసేపు ఉండి పెట్టేశాడు.

ఇప్పుడు నా ఓపీలో మారినవి

పరిగెత్తే వయసు పిల్లలు ఎవరు గజ్జల్లోనో, తొడ ముందో, మోకాలి లోపలివైపో నొప్పి అని వచ్చినా, మోకాలిలో ఏమీ దొరకకపోతే తుంటిని లోపలికి తిప్పి చూస్తాను. నొప్పి ఉంటే ఎక్స్‌రే ఎంత బాగున్నా వాకర్ ఇచ్చే పంపిస్తాను, ఎమ్మారై రెండు మూడు రోజులు ఆలస్యమైనా సరే. పరుగు ఎప్పుడు మొదలుపెట్టావు, వారానికి ఎంత, రాత్రి ఏం తింటున్నావు, బరువు ఎంత తగ్గావు, ఆడపిల్ల అయితే నెలసరి. ఈ ప్రశ్నలు రెండు నిమిషాల పని. నెలసరి సంగతి సిస్టర్ అడుగుతుంది, చీటీ మీద రాసి నా ముందు పెడుతుంది. "రెస్ట్" అనే మాట రాయడం మానేశాను. ఏం చేయకూడదో ఒక్కొక్కటీ తెలుగులో రాస్తాను: గెంతొద్దు, కింద కూర్చోవద్దు, మెట్లు వద్దు, బకెట్ మోయొద్దు. గది ఏ అంతస్తు, టాయిలెట్ ఎలాంటిది అని కూడా అడుగుతాను.

దగ్గర్లో ఉన్న రెండు కోచింగ్ సెంటర్ల వాళ్లతో మాట్లాడాను. ఫిన్లాండ్ సైన్యంలో 1986 నుంచి కొత్త సైనికులకు, వాళ్ల వైద్యులకు ఈ జబ్బు గురించి చెప్పి, తుంటి నొప్పి అన్నవాళ్లను వెంటనే ఆపి పరీక్షించడం మొదలుపెట్టాక, ఎముక విరిగి జరిగిపోయే కేసులు తగ్గాయి. అందుకోసం కొత్త మందేమీ కనిపెట్టలేదు. అదే చెప్పాను. ఒక సార్ మొదటి నెల దూరం సగానికి తగ్గించాడు. ఇంకొకాయన విన్నాడు, ఏమీ మార్చలేదు. మళ్లీ వెళ్లాలి.

పోయిన నెలలో ఆ అమ్మాయి ఓపీకి వచ్చింది. తనకేం లేదు. పక్కన హాస్టల్ స్నేహితురాలు ఉంది, పది రోజులుగా గజ్జల్లో నొప్పట. స్నేహితురాలి చేతుల్లో పాత వాకర్ ఉంది. కాళ్ల రబ్బర్లు అరిగి ఉన్నాయి, పైన పట్టుకునే చోట చీర అంచు గుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డ నాకు గుర్తే. "ఎమ్మారై ఇంక తీయించలే సార్," అంది, "నిన్నటి సంది ఇది పట్టుకొనే నడిపిస్తున్న."